మేఘములో దాచిన గొంతులు

పెద్దల మాటలను, పిల్లల పాటలను సెల్‌ఫోనులో రికార్డు చేసికొనుట నేడు ఇంటింట జరుగుచున్నది. ఫోను నిండగానే వానిని ‘క్లౌడు’నకు పంపుచున్నాము. పేరునకు మేఘమే గాని అది ఆకాశమున లేదు. ఎక్కడనో ఒక పెద్ద భవనములో, రేయింబవళ్లు పనిచేయు కంప్యూటర్ల డిస్కులపై మన ధ్వని అంకెల రూపమున నిలిచియుండును.

సి.డి. పద్ధతిలో ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. రెండు చానళ్ల ధ్వని గంటకు సుమారు 635 మెగాబైట్ల చోటు పట్టును. ఫ్లాక్ పద్ధతి నాణ్యము తగ్గింపకయే ఈ పరిమాణమును చాలవరకు కుదించును. సెకనుకు 128 కిలోబిట్ల ఎం.పి.3కి గంటకు 58 మెగాబైట్లు చాలును. కాని చెవికి అంతగా తెలియని భాగములను అది తీసివేయును. తీసినది మరల రాదు. కనుక పాత క్యాసెట్టునుండి తాతగారి గొంతును ఎక్కించునపుడు ఫ్లాక్‌గా దాచి, బంధువులకు పంపుటకు మాత్రము ఎం.పి.3 చేసికొనుట మేలు. ఫోను మొదటనే కుదించినదానిని ఉన్నదున్నట్లే ఉంచవలెను.

చోటుకన్న చిక్కైనది పేరు. రేడియోలో పనిచేయు మాకిది అనుభవము. ఒకనాడు చీటీ ఊడిన టేపు నొకదానిని పెట్టి విన్నాము. గొంతు స్పష్టముగనే యున్నది. అది ఎవరిదో చెప్పగలవారు మాలో ఒక్కరును లేరు. ‘రికార్డింగ్ 47’ అను పేరుతో క్లౌడులో పడియున్న ఫైలుకును ఇదే గతి పట్టును.

కావున ‘2024-08-15 అమ్మమ్మ లాలిపాట తెనాలి’ అనునట్లు పేరు పెట్టవలెను. సంవత్సరము, నెల, తేది ఈ వరుసన ముందుంచినచో ఫైళ్లు తమంతట తామే కాలక్రమమున అమరును. మనిషికొక ఫోల్డరు చాలును. దానిలో ఒక చిన్న వ్రాతఫైలు నుంచి, పాడినవారెవరు, రికార్డు చేసినవారెవరు, సందర్భమేమి అనునవి వ్రాయవలెను.

మరియొక హెచ్చరిక. అనేక సేవలలో ఫోను, క్లౌడు ఒకదానికొకటి అద్దమువలె నుండును. ఇక్కడ చెరిపినచో అక్కడను చెరిగిపోవును. గూగుల్ డ్రైవు చెత్తబుట్టలో వేసిన ఫైలు 30 దినములకు పూర్తిగా పోవును. అందుచేత ఫోనులో ఒకటి, ఇంటిలోని హార్డుడిస్కులో ఒకటి, క్లౌడులో ఒకటి, ఇట్లు మూడు ప్రతులుండవలెను. సంకేతపదము ఇంటిలో మరియొకరికి తెలిసియుండవలెను.

ఈ ఆదివారము పెద్దలను కూర్చుండబెట్టి, పేరులేని ఫైళ్లను ఒక్కొక్కటిగా వినిపింపుడు. ఆ గొంతులను గుర్తుపట్టగలవారు మన మధ్య నుండగనే అడిగి వ్రాసికొందము.