బుజ్జి ప్రాణం... బండెక్కితే!

బీరువా ఎక్కింది. మంచాలు ఎక్కాయి. గ్యాస్ స్టవ్వు, బియ్యం డబ్బా, పాత కూలరు, తులసి కుండీ... అన్నీ ఎక్కాయి. చివరికి మిగిలింది చింటూ. నాలుగు నెలల కుక్కపిల్ల. 'దీన్నేం చేద్దాం?' అని ఇంటిల్లిపాదీ మొహాలు చూసుకుంటుంటే ట్రాలీ డ్రైవరే తేల్చేశాడు. 'వెనక కట్టేయండి సార్. కట్టేస్తే యాడికి పోతాది?'

నిజమే కదా అనిపించింది. మెడపట్టీకి తాడు వేసి పక్క కడ్డీకి ముడేశాం. నంద్యాల నుంచి కర్నూలుకు ఎంతనీ... 70 కిలోమీటర్లు. నేనూ మావాడూ వెనకే బైకు మీద బయల్దేరాం.

పాణ్యం దాటాక ఓ స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరిపడింది. సామాన్లు ధనధనమన్నాయి. బెదిరిపోయిన చింటూ పక్క రేకు మీదుగా బయటికి దూకేసింది! తాడు దాన్ని నేలదాకా పోనివ్వలేదు, తిరిగి లోపలికీ రానివ్వలేదు. మెడతో వేలాడుతోంది. మావాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను హారను మీద చెయ్యి తీయలేదు. డ్రైవరు విని బండి ఆపడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చింటూ బతికింది. కానీ వారం రోజులు బొంగురు గొంతుతో దగ్గుతూనే ఉంది.

కర్నూల్లో చూపించిన పశువైద్యుడు దాని మెడ తడిమి చూసి ఒకే మాట అన్నారు. 'కట్టెయ్యకపోతే కాలు విరిగేదేమో. మెడకి కట్టడం వల్ల ప్రాణమే పోయేది.' అలాగని ఊరికే వదిలేయమని కాదు. వదిలేస్తే వెనకొచ్చే లారీ కిందే పడుతుంది. మరేం చేయాలి?

ముందు క్యాబిన్... తర్వాతే ట్రాలీ

క్యాబిన్‌లో చోటుంటే రెండో ఆలోచన వద్దు. డ్రైవరు పక్క సీట్లో ఎవరైనా పెద్దవాళ్లు కూర్చుని, పిల్లని కాళ్ల దగ్గర బుట్టలో పెట్టుకోవడమే అన్నిటికన్నా మేలు. డ్రైవరు ఒళ్లో మాత్రం వద్దు. బ్రేకు కిందికి దూరిందంటే అందరికీ ప్రమాదమే.

వెనక తప్పదనుకుంటే కావాల్సింది తాడు కాదు, పెట్టె. కుక్కపిల్ల అందులో నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. అంతకన్నా పెద్దదైతే కుదుపులకి అందులోనే అటూఇటూ కొట్టుకుంటుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో గట్టి ప్లాస్టిక్ బోనులు దొరుకుతాయి. కొనలేమనుకుంటే, రెండు నెలల పిల్లకి పండ్లు పెట్టే ప్లాస్టిక్ ట్రేలు రెండు తీసుకుని, ఒకదానిపై ఒకటి బోర్లించి తాడుతో బిగించినా సరిపోతుంది. గాలికి ఎటూ కన్నాలుంటాయి. అడుగున మాత్రం మడతపెట్టిన గోనె సంచి, దానిమీద పాత దుప్పటి ఉండాలి.

పెట్టె ఎక్కడ పెడతామన్నదీ ముఖ్యమే. చాలామంది దించడానికి తేలికని చివర్న, డోరు పక్కనే పెడతారు. కుదుపు ఎక్కువుండేది అక్కడే. చక్రాలు లేపే దుమ్మూ అక్కడే సుడి తిరుగుతుంది. క్యాబిన్ గోడకి ఆనించి, కదలకుండా రెండు వైపులా కొక్కేలకి కట్టాలి. బీరువా, మంచంకోళ్లు, రుబ్బురోలు లాంటివేవీ దానిమీద పడే వీల్లేకుండా చూడాలి. నన్నడిగితే పెట్టెని ముందు కట్టేసి, సామాన్లు తర్వాత ఎక్కించాలి. పిల్లని మాత్రం బండి కదిలేముందు అందులో పెడితే చాలు. మనం చేసేదంతా తలకిందులు కదా!

బోనులో పట్టనంత పెద్దదైతే మెడపట్టీకి కట్టకుండా, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కి కట్టాలి. అదీ రెండు వైపుల నుంచి, రెండు పొట్టి తాళ్లతో. కూర్చోవడానికీ పడుకోవడానికీ సరిపోవాలి, పక్క రేకు మీదికి కాళ్లు అందకూడదు. తెలుగువాళ్లు ఎంతోమంది ఉంటున్న అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇది చట్టమే. పికప్ వెనక కుక్కని ఎక్కించాలంటే బోనైనా ఉండాలి, ఇలా రెండు వైపులా కట్టైనా ఉండాలి, లేదంటే చుట్టూ 46 అంగుళాల ఎత్తు గోడైనా ఉండాలి.

మనకి చట్టం లేదనుకోవద్దు. జంతువుల రవాణా మీద కేంద్రం 1978లోనే నిబంధనలు తెచ్చింది. అందులో కుక్కలకీ పిల్లులకీ విడిగా ఓ అధ్యాయం ఉంది. బోను బండి కప్పు మీద పెట్టకూడదనీ, బండి వీలైనంతవరకూ ఒకే వేగంతో పోవాలనీ, హఠాత్తుగా బ్రేకులు వేయకూడదనీ, ఒక మనిషి తోడుండాలనీ రాశారు. ఎండాకాలంలో నాలుగు గంటలకోసారి, చలికాలంలో ఆరు గంటలకోసారి నీళ్లు పట్టాలి. మా ట్రాలీ డ్రైవరుకే కాదు, నాకూ అప్పటికి ఇదేం తెలీదు.

ఎండే అసలు శత్రువు

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడిని వదిలించుకుంటుంది. మన ఎండల్లో మధ్యాహ్నం ట్రాలీ ఇనప రేకు మీద మనం అరచెయ్యి పెట్టలేం. ఆ మెత్తటి పాదాలు ఎలా నిలుస్తాయి? అందుకే తెల్లవారుజామునే బయల్దేరాలి. నీడ కోసమని టార్పాలిన్ పూర్తిగా కప్పేయడం ఇంకో తప్పు. లోపల గాలాడదు, పైగా పొగగొట్టం నుంచి వచ్చే పొగ అందులోనే నిలిచిపోతుంది. పైన మాత్రం నీడ ఉంచి, పక్కలు వదిలేయాలి. ముక్కు చప్పిడి జాతులతో మరీ జాగ్రత్త. 2003లో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక పగ్ మీద మోజు పెరిగింది కదా... వేడికి అందరికన్నా ముందు పడిపోయేది అదే.

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం... ఇవి వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకి చేర్చి, ఒళ్లు మామూలు నీళ్లతో తడిపి విసరాలి. తడిపాకే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ప్రయాణంలో వాంతులు కుక్కపిల్లలకి మామూలే. చెవి లోపల ఒంటిని నిలకడగా ఉంచే భాగం ఇంకా పూర్తిగా ఎదగకపోవడమే కారణం. పెద్దయితే చాలావాటికి పోతుంది. రెండు గంటల ముందే తిండి పెట్టేస్తే కొంత నయం. 'కాస్త నిద్రమాత్ర వేస్తే పోలా' అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. డాక్టరు చెప్పకుండా వేయొద్దు. మత్తులో ఉన్న పిల్ల కుదుపుకి నిలదొక్కుకోలేదు. మన ఇంట్లోని పారాసెటమాల్ అయితే విషంతో సమానం.

దారిలో టీ కోసం ఆగినప్పుడు 'పాపం, కాసేపు తిరగనీ' అని కిందికి వదలాలనిపిస్తుంది. టీకాలు పూర్తవని పిల్లని దాబా దగ్గర, ఊరకుక్కలు తిరిగే చోట దించితే పార్వో అంటుకోవచ్చు. ఎత్తుకునే నీళ్లు పట్టండి. ట్రాలీ మీంచి తనంతట తను దూకనివ్వకండి. లేత ఎముకలు ఆ ఎత్తుకి ఆగవు.

ఇక మా చింటూ... ఆ రోజు తర్వాత బండి చప్పుడు వింటేనే మంచం కింద దూరేది. డాక్టరు చెప్పినట్టు బోను కొని, తలుపు తీసి వరండాలో పెట్టాం. అన్నం గిన్నె అందులోనే. మొదటి రెండు రోజులు మెడ మాత్రం లోపల పెట్టి తిని వచ్చేసేది. వారానికి మధ్యాహ్నం నిద్ర కూడా అందులోనే మొదలైంది. తర్వాత ఆగి ఉన్న బండిలో పది నిమిషాలు, ఆ తర్వాత వీధి చివరిదాకా. మూడు నెలల తర్వాత పండక్కి నంద్యాల వెళ్లినప్పుడు బోనుని ట్రాలీలో క్యాబిన్‌కి ఆనించి కట్టాం. ఈసారి నేనూ వెనకే, దాని పక్కనే కూర్చున్నాను. పాణ్యం స్పీడు బ్రేకరు దగ్గర నా గుండె జారింది. చింటూ ఓసారి కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది.