చేతికందే ఎత్తులో పాఠం

ఒకటి నుంచి ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన నాలుగేళ్ల పిల్లాణ్ణి అయిదు చింతగింజలు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇస్తాడు. అంకెల పేర్లు వాడి నోటికి వచ్చాయి గానీ అయిదంటే ఎంతో చేతికింకా తెలియదు. ఒక్కో గింజ తీసి పక్కన పెడుతూ ఒక్కో అంకె పలికినప్పుడే అది తెలుస్తుంది. పూర్వప్రాథమిక విద్యలో బోధనోపకరణాల అవసరమంతా ఇక్కడే ఉంది. టీచర్లు వీటినే టీఎల్‌ఎం అంటుంటారు.

జర్మనీలో కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన ఫ్రోబెల్ 19వ శతాబ్దంలోనే బంతులు, కొయ్య దిమ్మెలు పిల్లల చేతికిచ్చాడు. 1907లో రోమ్ నగరంలోని పేదల వాడలో తొలి బాలగృహం తెరిచిన మరియా మాంటిస్సోరి ఇంకా ముందుకు వెళ్లింది. ఆమె రూపొందించిన గులాబి రంగు గోపురంలో పది ఘనాలు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దదాని భుజం పది సెంటీమీటర్లు, చిన్నదానిది ఒక సెంటీమీటరు. టీచరు ఒక్కో ఘనాన్నీ మెల్లగా, దాదాపు మాట్లాడకుండా పేర్చి చూపి పక్కకు తప్పుకుంటుంది. చిన్నదాని మీద పెద్దది పెడితే గోపురం వంకర పిల్లకే కనిపిస్తుంది. అప్పుడు అందుకుని సరిదిద్దకుండా ఉండటమే టీచరు చేయాల్సిన పని. అన్నిటికన్నా కష్టమైనదీ అదే. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మాంటిస్సోరి యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకుముందే, 1920లో, గిజుభాయి బధేకా భావ్‌నగర్‌లో బాలమందిరం మొదలుపెట్టాడు.

గుండ్రని మలుపులున్న తెలుగు లిపికి గరుకు కాగితపు అక్షరాలు బాగా నప్పుతాయి. అట్ట మీద అంటించిన అక్షరాన్ని పిల్ల చూపుడు వేలు, మధ్య వేలు కలిపి రాసే దిశలోనే తడుముతూ ధ్వని పలుకుతుంది. టీచరు రెండు అక్షరాలు తీసుకుని ముందు ‘ఇది గ’, ‘ఇది ల’ అని చెబుతుంది. తర్వాత ‘గ ఏది?’ అంటుంది. చివరికి ‘ఇదేమిటి?’ అని అడుగుతుంది. మూడో ప్రశ్న దగ్గర పిల్ల తడబడితే తప్పని చెప్పకుండా మళ్లీ మొదటి మాటకే వస్తుంది. ప, వ, మ దాయాదుల్లా ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి కాబట్టి వాటిని ఒకేరోజు కలిపి చూపకపోవడం మేలు.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకంతో అంగన్‌వాడీలు వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2023లో ఆ దశ పిల్లల కోసం ఆట వస్తువులు, ఆడించే బొమ్మలు, చిత్రాల కార్డులతో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టె విడుదలైంది. అయితే పెట్టె వచ్చినంత మాత్రాన పాఠం రాదు. పోతాయనో, విరుగుతాయనో భయపడి వస్తువులను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసే చోట్లున్నాయి. పౌష్టికాహారం పంపిణీ, రిజిస్టర్లు, ఇంటింటి సర్వేల నడుమ నలిగే కార్యకర్తకు ఆ భయం ఉండటం సహజమే. అయినా వాడకంలో పోయిన రెండు ముక్కల కన్నా ఏడాదంతా ఎవరూ ముట్టని పెట్టె పెద్ద నష్టం. పిల్ల చేయి అందే అరలో అయిదారు వస్తువులే పెట్టి, వారానికోసారి ఒకటో రెండో మారిస్తే చాలు. కొత్తగా వచ్చిన వస్తువును ముందు టీచరే వాడి చూపాలి.

కొనే స్తోమతు లేదని ఆగిపోనక్కర్లేదు. గవ్వలు, కొబ్బరి చిప్పలు, సీసా మూతలు, పుల్లలు ఊళ్లోనే దొరుకుతాయి. కొనగలిగితే ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి. అక్కడి కళాకారులు అంకుడు కర్రకు ప్రకృతి రంగులు అద్దుతారు. గింజల విషయంలో మాత్రం జాగ్రత్త తప్పనిసరి. ముక్కులోనో చెవిలోనో దూర్చుకునే వయసు కనుక మూడేళ్లలోపు పిల్లలకు అవి అసలు ఇవ్వకూడదు. అంతకన్నా పెద్ద పిల్లలకైనా టీచరు ఎదురుగా ఉన్నప్పుడే ఇవ్వాలి. ఎన్ని గింజలు ఇచ్చారో, తిరిగి డబ్బాలో పోసేటప్పుడు అన్నీ ఉన్నాయో లేదో పిల్లల చేతే లెక్కపెట్టించాలి.