మేత పడవకు విమానపు వేగనియంత్రకము

చెరువులో మేత చల్లుటకు, నడిమి నీటి నమూనా తెచ్చుటకు రిమోటుతో నడుచు చిన్న పడవను మీరే కట్టుకొనదలచినచో, ముందుగా దాని వేగనియంత్రకమును గురించి తెలిసికొనవలెను. దుకాణములో దీనిని ఇ.ఎస్.సి. అందురు. బ్యాటరీ కరెంటును మోటారుకు కావలసినంత మేరకు అందించునది ఇదే. బొమ్మ విమానములకు చేసిన రకము చౌకగాను, సులభముగాను దొరకును. దానిని పడవకు వాడవచ్చును గాని, ఉన్నది ఉన్నట్లు బిగించినచో కాలిపోవును.

కారణము వినుడు. విమానములో దానికి ఎదురుగాలి తగిలి వేడి పోవుచుండును. పడవలో నీరు తగులకుండ మూసిన పెట్టెలో పెట్టుదుము, గాలి ఆడదు. పైగా నీరు గాలికన్న సుమారు 800 రెట్లు బరువు. పంకాకు నాచు చుట్టుకొన్నచో, చెరకు గానుగలో ఒకేసారి ఎక్కువ గడలు పెట్టినట్లు, మోటారు బిగిసి అమితముగా కరెంటు లాగును. కనుక పడవను గట్టున కట్టివేసి, పంకా నీటిలో పూర్తి వేగముతో తిరుగునప్పుడు కొద్ది క్షణములు మీటరుతో కొలువుడు. 30 ఆంపియర్లు లాగినచో 60 ఆంపియర్ల పరికరము కొనుడు. ఇక్కడ పొదుపు చేయరాదు.

ఇక చల్లార్చుట. పరికరము పైనున్న ప్లాస్టిక్ తొడుగును జాగ్రత్తగా కోసినచో లోపల అల్యూమినియపు పలక కనబడును. దానిపై సన్నని ఇత్తడి గొట్టమును వంచి, వేడిని ప్రసరింపజేయు జిగురుతో అతికింపవలెను. గొట్టము మరి యే భాగమునకును తగులరాదు. ఒక కొన పంకా వెనుక, నీరు తోసుకొని వచ్చు వైపున ఉండవలెను. రెండవ కొన పడవ ప్రక్కన నీటిమట్టమునకు పైన ఉండవలెను. పంపుసెట్టు ధారవలె అక్కడ నీరు పడుచున్నంతవరకు భయము లేదు. ధార ఆగినచో వెంటనే పడవను ఆపుడు. ఉప్పునీటి రొయ్యల చెరువులో వాడినచో, పని కాగానే గొట్టములో మంచినీరు పోయుడు.

మోటారు తిరగబడినచో, త్రీఫేజు పంపుసెట్టుకు చేసినట్లే మూడు తీగలలో ఏ రెండింటినైనను మార్చిన చాలును. తీగలు పొడవు చేయవలసివచ్చినచో మోటారు వైపునే చేయుడు. బ్యాటరీ వైపు పొడవైనచో పరికరము చెడును.

సెట్టింగులలో బ్రేకు తీసివేయుడు. బ్యాటరీ తగ్గినప్పుడు మోటారును ఒక్కసారిగా ఆపు పద్ధతికి బదులు, మెల్లగా తగ్గించు పద్ధతిని ఎన్నుకొనుడు. అప్పుడు పడవ గట్టు చేరును. రిమోటు సంకేతము తెగినప్పుడు మోటారు ఆగునట్లు కూడ అమర్చుకొనుడు. విమానపు రకములలో వెనుకకు నడుచు ఏర్పాటు సాధారణముగా ఉండదు. కనుక నాచులోనికి పోనీయకుడు. మొదటి దినములలో నైలాను తాడు కట్టి నడుపుడు. ఆ తాడు పంకాకు చుట్టుకొనకుండ ముందు కొనకు కట్టుడు.

అయినను పడవ చెరువు మధ్య నిలిచిపోవచ్చును. దానికై దిగుటకు ముందు ఏరేటర్ల కరెంటును మెయిను వద్ద ఆపి, స్విచ్చి దగ్గర ఒక మనిషిని కాపలా ఉంచవలెను. అతుకు దెబ్బతిన్న ఏరేటరు తీగ వలన నీటిలో కరెంటు పారవచ్చును. పడవ బ్యాటరీ ఉబ్బియున్నచో ఇంటిలోనికి తేక, ఎండని, తడిని తప్పించి ఆరుబయట ఇసుక మీద ఉంచుడు. దానిని మరల ఛార్జి చేయరాదు.