జాముకో పువ్వు

కడియపులంక నర్సరీలకు మొక్కల కోసం వచ్చేవాళ్లు దాదాపు అందరూ పగటిపూటే వస్తారు. రాజమహేంద్రవరానికి కూతవేటు దూరంలో, జాతీయ రహదారి పక్కన, వేమగిరి నుంచి బుర్రిలంక దాకా గోదావరి కాలువల నీళ్లు తాగి పెరిగిన పచ్చదనం అది. ఎండలో ముందుగా కళ్లను లాగేవి రంగులే. కాగితప్పూల ముదురు గులాబీ, ముస్సెండా లేత గులాబీ, క్రోటన్ల పసుపూ ఎరుపూ. బండెక్కేవీ అవే. పొద్దుగూకాక విచ్చుకునే మొక్క ఆ వేళకు ఒట్టి ఆకులతో, పాలిథిన్ సంచిలో ఓ మూల నిలబడి ఉంటుంది. దాని దగ్గర ఎవరూ ఆగరు.

ఇంటికి అందమిచ్చే చెట్టును ఎంచుకోవడంలో మనం పోగొట్టుకుంటున్నది అక్కడే. చెట్టు ఎలా ఉంటుందో చూస్తాం గానీ, ఏ వేళకు ఏం చేస్తుందో అడగం. నన్నడిగితే పెరటికి మొక్కల్ని రంగు చూసి కాదు, జాము చూసి తెచ్చుకోవాలి. పగలు నాలుగు జాములు, రాత్రి నాలుగు. ఒక్కో జాముకు ఒక్కో పువ్వు కాచుకుని ఉంటుంది, ఆ పువ్వు కోసం ఒక్కో ప్రాణీ కాచుకుని ఉంటుంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1751లోనే ఏ పువ్వు ఎన్ని గంటలకు విచ్చుకుంటుందో, ఎప్పుడు ముడుచుకుంటుందో పట్టిక రాసి దానికి పూలగడియారమని పేరు పెట్టాడు. అవన్నీ ఉప్సలా చలిలో పూసే పూలు, మన పెరళ్లకు పనికిరావు. మనకు వాటిని మించినవి ఉన్నాయి.

రాత్రి చివరి జాము పారిజాతానిది. మునిమాపు వేళ మొగ్గ విచ్చుతుంది, రాత్రంతా వాసన వెదజల్లుతుంది, తెల్లవారేలోగా తొడిమను వదిలేస్తుంది. గాలి కదలకపోయినా రాలుతుంది, అది వింత. వడలి రాలడం కాదది. రేకులింకా తాజాగా ఉండగానే పువ్వు కిందపడుతుంది. నేలమీద బోర్లా పడ్డ పువ్వును చూడండి. తెల్లని రేకులు మట్టిని తాకి ఉంటాయి, నారింజ రంగు కాడ పైకి నిలబడి ఉంటుంది. పూర్వం ఆ కాడలను ఎండబెట్టి, మరిగించి పట్టుకు రంగు వేసేవారు. చెట్టు పెద్దగా ఎదగదు, గోడవార పది అడుగుల చోటు చాలు. ఆకు గరుకుగా ఉంటుంది, ఎండాకాలంలో చెట్టు కాస్త బోడిగా కనిపిస్తుంది. అది చూసి కొట్టేయకండి. వానలు పడ్డాక చిగిర్చి, శ్రావణం దాటాక పూత అందుకుంటుంది.

అదే వేళకు పొగడా రాలుస్తుంది. చిన్న నక్షత్రం వంటి ఆ పువ్వు ఊడి పడేటప్పుడే దాని నడుమ రంధ్రం ఏర్పడుతుంది కాబట్టి దండ గుచ్చడానికి సూది కూడా అక్కర్లేదు, దారం చాలు. ఎండిన తర్వాత కూడా పొగడ వాసన పోదు. బీరువాలో చీరల మడతల మధ్య పొగడపూలు దాచుకున్న అమ్మమ్మల చేతుల్లో పెరిగినవాళ్లకు ఈ మాట నేను చెప్పనక్కర్లేదు. ఏడాది పొడవునా దట్టంగా, ముదురాకుపచ్చగా, గొడుగు పట్టి నిలబడే ఈ చెట్టును వదిలేసి, వీధి వీధికీ కోనోకార్పస్ నాటుకున్న రోజులు గుర్తొస్తే బాధేస్తుంది. ఆ మొక్కను ఇక నాటవద్దని తెలంగాణ, గుజరాత్ ప్రభుత్వాలే చెప్పాల్సి వచ్చింది.

పొద్దు పొడిచాక మందారం. దాని ఆయుష్షు ఒక్క పగలు. ముద్దమందారం కన్నా ఐదు రేకుల ఒంటి మందారం నాటండని నా సలహా. ముద్ద పువ్వులో రేకుల రద్దీకి తేనెపిట్టకు దారి దొరకదు. ఒంటి పువ్వయితే కొమ్మమీద వాలి, వంగిన ముక్కును రేకుల అడుగుదాకా దించి తాగుతుంది. కొన్నిసార్లు తొందరపడి పువ్వు మొదట్లో పక్కనుంచి చిల్లు పొడిచి తేనె దొంగిలిస్తుంది కూడా.

పగటి జాముల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది తంగేడు. బతుకమ్మకు కోసుకొస్తాం, తెలంగాణ రాష్ట్ర పుష్పమని గౌరవిస్తాం, కానీ ఇంటి ముందు నాటుకోవడం మాత్రం మనకు తోచదు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. వచ్చేవాళ్లకు అది పెట్టేది పుప్పొడి ఒక్కటే, అదీ బిగించిన పెట్టెలో పెట్టి. కేసరాల కొసన సన్నని రంధ్రాలుంటాయి. నల్లని తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలను మాత్రం వణికిస్తుంది. ఆ వణుకుకు పుప్పొడి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. దగ్గరగా నిలబడితే చెవికి తెలుస్తుంది. ఎగురుతున్నప్పటి ఝుంకారం ఒకటి, పువ్వు పట్టుకున్నాక వచ్చేది అంతకంటే సన్నని, పై స్థాయి ధ్వని. పొట్టి కేసరాల్లోని పుప్పొడి తుమ్మెదకు తిండి. పొడవాటి వంపు కేసరాలు మాత్రం దాని ఒంటిమీద, తుడుచుకోవడానికి అందని చోట పొడి చల్లుతాయి. మరో పువ్వుకు చేరేది ఆ పొడే. ఒకే పువ్వులో వంటిల్లు వేరు, టపా వేరు! రాతినేలలో, నీళ్లు లేకపోయినా బతికే ఈ పొద నర్సరీల్లో అరుదుగా దొరుకుతుంది. కాయ ఎండాక గింజలు తెచ్చి, మరిగించి దించిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి విత్తుకుంటే మొలుస్తాయి.

మధ్యాహ్నం ఎండలో వెలిగేది కాగితప్పూల తీగ. ఆ రంగు రేకులు పూలు కావు, పువ్వును చుట్టుకున్న ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ ఉన్న సన్నని తెల్లని గొట్టం. ముస్సెండా కథా ఇంచుమించు ఇదే. రంగు కావాలంటే వీటిని తప్పకుండా పెట్టుకోవచ్చు. ఎండ బాగా తగలాలి, నీళ్లు ఎక్కువైతే ఆకే గానీ పూత రాదు. పగటిపూట కళ్లారా చూడదగ్గ మార్పు మరొకటుంది, రంగులు మార్చే మందారానిది. దక్షిణ చైనా నుంచి వచ్చిన ఈ పొద పువ్వు పొద్దున తెల్లగా పూస్తుంది, మధ్యాహ్నానికి గులాబీ అవుతుంది, సాయంత్రానికి ఎర్రబడి ముడుచుకుంటుంది. పొద్దెక్కే కొద్దీ రేకుల్లో రంగు పదార్థం తయారవుతూ పోవడమే దీనికి కారణం. చల్లటి రోజున ఎరుపు ఆలస్యంగా ఎక్కుతుంది.

ఇక సంధ్యవేళ. ఇక్కడ కాసేపు ఆగాలి, అసలు సందడి మొదలయ్యేది ఇప్పుడే.

గేటు మీదికి రాధామనోహరం పాకించిన ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు పూలు కలిసి కనిపిస్తే అవి మూడు రకాలు కావు, మూడు వయసులు. తెల్ల పువ్వు ఇవాళ సాయంత్రం విచ్చుకున్నది, గులాబీది నిన్నటిది, ఎర్రది మొన్నటిది. తెల్లగా ఉన్నప్పుడు పువ్వు ముఖం ఎదురుగా చాచి, వాసన వదిలి, చీకట్లో తిరిగే హాక్‌మాత్ కోసం చూస్తుంది. వేలి పొడవు కాడ, ఆ కాడ అడుగున తేనె. అంత లోతుకు అందే నాలుక ఆ రెక్కల పురుగుకు ఉంది. అది పువ్వు మీద వాలదు. ఎదురుగా గాలిలోనే నిలబడి, చుట్ట చుట్టుకున్న నాలుకను విప్పి కాడలోకి దించుతుంది. రెక్కలు కంటికి ఆనవు, మసక మాత్రమే కనిపిస్తుంది. ఒక్క క్షణం, మరో పువ్వు. మర్నాటికి రంగెక్కి, తల వంచిన పువ్వుల దగ్గరకు తేనెటీగలూ తేనెపిట్టలూ వస్తాయి. ఒకే తీగ రాత్రి అతిథికి ఒక వేషం, పగటి అతిథికి మరో వేషం కట్టి రెండు పూటలా విందు పెడుతుంది.

దేవగన్నేరు ఆ పురుగునే మోసం చేస్తుంది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి మన గుళ్లలో స్థిరపడ్డ ఈ చెట్టు రాత్రి వాసనతో ఆశ పెడుతుంది గానీ, పువ్వులో తేనె చుక్క లేదు. వచ్చినవి నాలుక చాచి వెతుక్కుని, పుప్పొడి మోసుకుని, ఖాళీ కడుపుతో పోతాయి. దేవగన్నేరుకు కాయలు అరుదుగానే కనిపిస్తాయి, కొమ్మ నాటి పెంచుకోవడమే మనకు అలవాటు. కొమ్మ కోశాక నాలుగైదు రోజులు నీడన ఆరనిచ్చి, పాలు ఇంకాక నాటితే కుళ్లదు.

సంపెంగ కథ వీటన్నిటికన్నా పాతది. ఆ కుటుంబపు పూలు తేనెటీగలు ఇంకా పుట్టని కాలం నాటివి. అప్పట్లో పుప్పొడి మోసినవి పెంకు పురుగులు. వాటి మొరటు నడకకు తట్టుకోవడానికేనేమో ఆ రేకులు అంత దళసరి. గింజ మొక్క మహావృక్షమవుతుంది. ఇంటికి అంటు మొక్క తెచ్చుకుంటే మనిషెత్తులోనే పూస్తుంది. మల్లెకు వేరే జాగా అడగక్కర్లేదు, కుండీలోనూ బతుకుతుంది. డిసెంబరులో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు నీళ్లు తగ్గిస్తే ఎండాకాలానికి విరగబూస్తుంది.

ఒక విన్నపం. వాకిట్లో రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ ఉంటే ఈ సంధ్య పూలన్నీ నాటినా ఫలితం సగమే. ఆ వెలుగుకు రాత్రి పురుగులు దారి తప్పుతాయి. పడుకునే ముందు దాన్ని ఆర్పేయండి, చెట్లు తమ పని చేసుకుంటాయి.

పూలే కాదు, ఆకులు చూడటానికీ చెట్టు నాటొచ్చు. అసలైన అశోకాన్ని చూసినవాళ్లు మనలో తక్కువ. గోడల వెంట నిటారుగా పెంచేది నరమామిడి, అశోకం కాదు. అశోకం లేత చిగురు రాగిరంగులో, ప్రాణం లేనట్టు మెత్తగా కిందికి వేలాడుతుంది. కొన్నాళ్లకు బిగిసి, పచ్చబడి, పైకి లేస్తుంది. లేత ఆకు మీద ఎండ నేరుగా పడకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. పూలకు రేకులే లేవు, రంగంతా రక్షకపత్రాలదే. ముందు నారింజ, తర్వాత ఎరుపు. తూర్పు గోదారి తేమకు, కొబ్బరి నీడకు బాగా వస్తుంది. రాయలసీమ ఎండలో మాత్రం కష్టపడుతుంది, అక్కడ రేల నాటుకోవాలి. వేసవి నడిమధ్య ఆకులన్నీ వదిలి బంగారు గుత్తులు వేలాడదీసే రేల చెట్టుకు సాటి లేదు. దాని లేత ఆకు మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గొంగళ్లు ఆకు తింటాయి. తిననివ్వండి, మందు కొట్టకండి.

ఆ మాట ఎందుకంటున్నానంటే, గన్నేరు ఆకు వెనక ఒకసారి చూస్తే మీకే తెలుస్తుంది. గన్నేరు పాలు విషం. నల్లని చారల ఒంటితో, మెత్తని కొమ్ములతో ఉండే ఒక గొంగళి మాత్రం ఆ ఆకునే తిని పెరుగుతుంది. తర్వాత ఆకు అడుగున తలకిందులుగా వేలాడి గూడు కడుతుంది. ఆ గూడు ఒకటి రెండు రోజుల్లో మంగళసూత్రంలోని గుండులా మెరుస్తుంది. అద్దంలా అందులో మీ ముఖం, వెనక ఆకాశం వంగి కనిపిస్తాయి. బంగారం లేదు, రంగు కూడా లేదు. పొరల మీద పొరలుగా ఉన్న పైతోలు వెలుతురును తిప్పికొట్టడమే ఆ మెరుపు. లోపలి రెక్కలు నల్లబడ్డాక గోడ పలచబడి, గోధుమ రంగు సీతాకోకచిలుక బయటికి వస్తుంది. చిన్న పిల్లలూ పశువులూ ఉన్న ఇంట్లో మాత్రం గన్నేరు, పచ్చగన్నేరు వద్దు. పచ్చగన్నేరు పప్పు ప్రాణం తీస్తుంది. నందివర్ధనం నాటుకోండి, దాని ఆకుమీదా ఓ పెద్ద హాక్‌మాత్ గొంగళి, నీలి కన్నుల మచ్చలతో, పెరుగుతుంది.

వద్దనాల్సినవి మరికొన్ని ఉన్నాయి. తురాయి, నిద్రగన్నేరు ఊరికి అందమే, రెండు వందల గజాల స్థలానికి కాదు. వేర్లు పైపైనే పాకి గోడను, పంపును పట్టుకుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు పెద్ద చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్లు మళ్లీ అవి ఇంటి గోడవార నాటలేదు. ఆ తర్వాత నగరంలో విరివిగా నాటిన ఏడాకుల పాల చలికాలంలో పూసినప్పుడు, ఆ ఘాటు వాసన భరించలేమని జనం ఫిర్యాదు చేశారు. ఆకాశమల్లె రాత్రి రాల్చే తెల్లని పూలు ఎంత బాగుంటాయో, దాని కొమ్మ అంత పెళుసు. కరెంటు తీగల కింద పెట్టకండి. నాగలింగం కాయ తలమీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దాన్ని గుడి ఆవరణలోనే చూద్దాం.

నర్సరీలో మొక్కను సంచితో పైకెత్తి చూడండి. అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే వద్దనండి, అది నేలలో పెట్టినా చుట్టుకుంటూనే ఉంటుంది. మృగశిర కార్తె నాటికి అడుగున్నర లోతు గుంట తీసి, చివికిన పేడ ఎరువు, తీసిన మట్టి కలిపి, తొలి వాన పడ్డాక నాటండి. ఇంటి గోడకు పారిజాతం ఐదారు అడుగులు, పొగడ, రేల పది పన్నెండు అడుగుల దూరం ఉండాలి. మొదటి రెండు వేసవులు నీళ్లు మానకండి. పారిజాతం రెండు మూడేళ్లకే పూస్తుంది. రాధామనోహరం అంతకన్నా తొందరపడుతుంది. అన్నిటికన్నా ఆలస్యం పొగడది, అందుకే దాన్నే ముందు నాటాలి. ఈ ఏడు ఒక్క మొక్కకే చోటుంటే, పొగడే తెచ్చుకోండి.