ఉద్యోగార్థి వేషము

మన పాఠశాలలో చదివి, పై చదువులు ముగించిన యువకులు సెలవులలో ఉపాధ్యాయులను చూడవచ్చినప్పుడు అడుగు ప్రశ్నలలో నొకటి చూచుటకు స్వల్పమైనది. అడుగువారికి మాత్రము నిద్ర పట్టనీయనిది. “అయ్యా, బెంగుళూరినుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. ఆ కార్యాలయమున బట్టల విషయమై కట్టుబాటేమియు లేదట. అందఱును టీ షర్టులతోనే వత్తురట. నేనేమి తొడుగుకొని పోవలయును?” అని వారడుగుదురు. కట్టుబాటున్నచోట ఈ చింత లేదు. పోలీసు ఉద్యోగికిని న్యాయవాదికిని వేషము ముందే నిర్ణయింపబడి యున్నది. కట్టుబాటు లేనిచోటనే క్రొత్తవాడు తడబడును. కావున ఈ విషయమును గుఱించి కొంచెము విచారింతము.

ఇందుకు దృష్టాంతము వెదకుటకు మనము దూరము పోనక్కఱలేదు. జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పెన్నానది కొండను చీల్చుకొని పాఱు గండిమీద గండికోట యున్నది. మనలో ననేకులు వనభోజనములకై అచ్చటికి పోయినవారే. 1652వ సంవత్సరమున టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ముత్యములు మున్నగు వానిని అమ్మజూపుటకై ఆ కోటకు వచ్చెను. గోలకొండ సుల్తానునకు మంత్రియు సేనానియు నైన మీర్ జుమ్లా అంతకు కొలదికాలము క్రిందట ఆ దుర్గమును జయించి, అచ్చట విడిసి యుండెను. ఆ వర్తకుడు తాను చూచినదానిని 1676లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున వ్రాసి యుంచెను. ఆ మహామంత్రి దేశాచారము ననుసరించి వట్టి కాళ్లతో కూర్చుండి యుండెనట. కాలివ్రేళ్ల సందులలో కొన్ని జాబులు, ఎడమచేతి వ్రేళ్ల సందులలో కొన్ని జాబులు ఇఱికించుకొని, ఒక్కొక్కదానిని తీసి, తగిన ప్రత్యుత్తరమును చెప్పి వ్రాయసకాండ్రచే వ్రాయించుచుండెనట. నేరస్థులను గుఱించి కఠినమైన తీర్పులును అట్లే చెప్పుచుండెనట.

ఈ వృత్తాంతమున మనకు రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది, వేషము సడలినంత మాత్రమున పని సడలినదని యనుకొనరాదు. ఆ వట్టి కాళ్ల సందుననే రాజ్యకార్యములు నడచుచుండెను. రెండవది, కూర్చున్నవానికి గల స్వేచ్ఛ చూడవచ్చినవానికి లేదు. మీర్ జుమ్లా యెవ్వడో ఆ కోటలో అందఱు నెఱుగుదురు. క్రొత్తగా వచ్చినవానిని ఎవ్వరును ఎఱుగరు. వాని పనితనము తెలియువఱకు, చూచువారు వాని మాటను, నడతను, బట్టను బట్టియే వానిని అంచనా కట్టుదురు. ఇది న్యాయమా యని మీరడుగవచ్చును. పూర్తిగ న్యాయము కాదు. ఐనను లోకమున జరుగుచున్నది గావున ఎఱిగి మెలగుట మేలు.

కార్యాలయములలో ఈ సడలింపు ఎట్లు వచ్చినదో కూడ తెలిసికొనవలయును. దానికి కారణములు పెక్కు. జపాను ప్రభుత్వము 2005వ సంవత్సరమున విద్యుచ్ఛక్తిని పొదుపు చేయుటకై వేసవిలో కార్యాలయముల శీతలయంత్రములను 28 డిగ్రీలకు నిలుపవలయుననియు, ఉద్యోగులు కోటును టైని విడువవచ్చుననియు ప్రకటించెను. ఎండ 40 డిగ్రీలు దాటు మన కడప జిల్లావారికి ఇందలి వివేకమును వేఱుగ చెప్పవలసిన పనిలేదు. అమెరికాలో లీవైస్ కంపెనీవారు తమ పంట్లాముల అమ్మకమును పెంచుకొనుటకై, కార్యాలయమున సడలిన వేషము ఎట్లుండవలయునో తెలుపు చిన్న పుస్తకమును 1992లో అచ్చొత్తించి, వేలకొలది ఉద్యోగులను నియమించు అధికారులకు పంపిరి. సడలింపునకు సైతము ఒక పుస్తకము కావలసివచ్చినదన్న మాట! కట్టుబాటు లేదని చెప్పుచోట చెప్పని కట్టుబాటొకటి యుండునని దీనివలన గ్రహింపవలయును.

ఆ చెప్పని కట్టుబాటును చాలవఱకు పనియే నిర్ణయించును. ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారమునకు పోవువాడు వ్రేలాడు అంగీతోను చెప్పులతోను పోయినయెడల, వానికి యంత్రముల సంగతి తెలియదని చూచినవారు తలంతురు. కదలు యంత్రములయొద్ద పనిచేయువాడు బిగుతైన దుస్తులు ధరింపవలయునని 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టమే విధించెను. అచ్చటికి కాళ్లను పూర్తిగ కప్పు బూట్లు తగును. కంప్యూటరు ముందు కూర్చుండు పనికి ఆ నిర్బంధము లేదు. ప్రొద్దుటూరి బంగారపు అంగడిలో కొనువారి యెదుట నిలువవలసిన గుమాస్తాకు శుభ్రమైన చొక్కాయు దువ్విన తలయు ముఖ్యములు.

ఇక సూత్రమును చెప్పెదను. ఆ కార్యాలయమువారు నిత్యము ధరించు దానికంటె ఒక్క మెట్టు పైన నుండుడు. రెండు మెట్లు ఎక్కకుడు. వారు టీ షర్టులు తొడిగినచో మీరు కాలరు గల నూలు చొక్కాయు, వెలిసిపోని పంట్లామును తొడుగుడు. వారు చొక్కాలు తొడిగినచో మీరు దానిని ఇస్త్రీ చేయించి, పంట్లాములోనికి దోపి, తోలు బూట్లు తొడుగుడు. బాలికలు తమకు అలవాటైన సల్వారు కమీజునో నూలు చీరనో ధరింపవచ్చును. లేచి నడచునప్పుడు సవరించుకొన నక్కఱలేకుండునది మేలు. వేసినది క్రొత్తదైనను పాతదైనను, మురికియు, చినిగిన కుట్టును, ఊడిన గుండీయు ఉండరాదు. చొక్కా రొమ్ముమీద పెద్ద అక్షరములును బొమ్మలును లేకుండుట మంచిది. అత్తరు ఎక్కువగ పూయరాదు.

వారి అలవాటు తెలియుటెట్లు? పిలుపు పంపినవారినే మర్యాదగ అడుగుడు. అడిగినందున ఎవ్వరును తప్పు పట్టరు. అచ్చట పనిచేయుచున్న పూర్వ విద్యార్థి యున్నచో విచారింపుడు. ముందునాడే ఊరు చేరినచో, సాయంకాలము వాకిట నిలిచి, పని ముగించి వెలుపలికి వచ్చువారిని చూడుడు. అర్ధగంటలో చాల తెలియును. కంప్యూటరు తెరమీద జరుగు ఇంటర్వ్యూకు సైతము నిండుగ బట్టలు ధరించి, వెలుతురు ముఖముమీద పడునట్లు కూర్చుండుడు. నడుము క్రింద ఏమి యున్నను కనబడదని యనుకొన్నవాడు కాగితము కొఱకు లేవవలసి వచ్చిననాడు పశ్చాత్తాపపడును.

ఈ వ్యాసమును వ్రాయుటకు నన్ను పురికొల్పిన సంగతి యొకటి కలదు. మన ప్రాంతపు చేనేత కుటుంబమునకు చెందిన యువకుడొకడు ఇట్టి పిలుపు వచ్చినప్పుడు, నలుగురిలో చిన్నబోవుదునని వెఱచి, తండ్రిచే అప్పు చేయించి కోటు కుట్టించుకొనెను. అది మే నెల. రాత్రియంతయు బస్సులో ప్రయాణముచేసి పోయి చూచునప్పటికి, గదిలోని మువ్వురును చేతులు మడిచిన నూలు చొక్కాలతో నుండిరి. వారు దయతో “కోటు తీసివేసి సుఖముగ కూర్చుండుము” అనిరి. లోపలి చొక్కా భుజమువద్ద చినిగియుండుటచే అతడు తీయలేకపోయెను. తెలిసిన ప్రశ్నలకే తడబడితినని అతడు నాతో చెప్పెను. ఉద్యోగము రాలేదు, కోటువలననే రాలేదని నేననను. కాని యా అప్పు తీర్చుటకు తండ్రి చాలకాలము మగ్గము ముందు అదనముగ కూర్చుండవలసివచ్చెను. తరువాత అతనికి మఱియొకచోట పని దొరికినది. ఆనాడు వేసికొన్నది, తల్లి ఉతికి గంజిపెట్టిన తెల్లచొక్కా. ఆ కోటు పెట్టెలోనే యున్నది.

అప్పుచేసి పప్పుకూడు తగదని పెద్దలు చెప్పినది బట్టల విషయమునను సత్యమే. విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇంటనున్న మంచి జతలలో నొకటి ఎన్నుకొని, ముందుగ ఒకనాడు దానిని తొడిగికొని కూర్చుండి, లేచి, నడచి చూచుకొనుడు. గుండీలు సరిచూచి, ఉతికి, ఇస్త్రీచేసి, వ్రేలాడదీసి నిద్రింపుడు. తెల్లవాఱి దానిని తొడిగిన పిమ్మట దానిని మఱచిపోగలిగినచో అదియే తగిన వేషము. అప్పుడు మీ మనస్సంతయు వారడుగు ప్రశ్నమీదనే నిలుచును.