మనాలీ నుంచి లేహ్‌కు సైకిల్‌పై: బిడ్డకు అనుమతి ఇచ్చే ముందు

డోర్నకల్ పరిసరాలలో పెరిగిన పిల్లలకు సైకిల్ కొత్త వస్తువు కాదు. బడికి వెళ్ళేది దానిపైనే, పొలానికి సద్ది మోసేది దానిపైనే, జంక్షన్‌లో రైలు అందుకోవడానికి పరుగు తీసేదీ దానిపైనే. అయితే మన దారులు చదునైనవి. చెరువు కట్టలు, మిరప చేలు, పత్తి చేలు, ఇల్లెందు వైపు కనిపించే అడవి గుట్టలు - మనకు తెలిసిన ఎత్తుపల్లాలు ఇంతే. ఈ నేలపై పెరిగిన యువకుల నోట ఇప్పుడు ఒక కొత్త కోరిక వినవస్తోంది. హిమాలయాలలో మనాలీ నుంచి లేహ్ వరకు, తొమ్మిది పది రోజులు సైకిల్ తొక్కుతూ వెళ్ళాలన్నదే ఆ కోరిక.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే మూడు ప్రశ్నలు తలెత్తుతాయి. అమ్మీ ప్రాణం గురించి అడుగుతుంది. అబ్బా ఖర్చు గురించి అడుగుతారు. దాదా నమాజు గురించి అడుగుతారు. ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. వీటిని పిరికితనమని కొట్టిపారేసే యువకుడూ, కోరికను పిచ్చి అని కొట్టిపారేసే పెద్దలూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరూ ఆ దారి ఎలాంటిదో తెలుసుకోకుండానే మాట్లాడుతున్నారు. కనుక ముందుగా దారిని తెలుసుకొందాం.

దారి స్వరూపం

మనాలీ సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి లేహ్‌కు రోహ్తాంగ్ కనుమ మీదుగా సాగే పాత దారి దాదాపు 475 కిలోమీటర్లు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల మోటారు వాహనాలకు రోహ్తాంగ్ ఎక్కే శ్రమ తప్పింది. సైకిల్ యాత్రికులలో పలువురు మాత్రం నేటికీ 3,978 మీటర్ల ఆ కనుమనే ఎంచుకొంటారు. శరీరం ఎత్తుకు అలవాటు పడటానికి అది తొలి పాఠం వంటిది.

రోహ్తాంగ్ దిగితే లాహౌల్ లోయ. తాండి వద్ద చంద్ర, భాగ నదులు కలిసి చీనాబ్‌గా మారుతాయి. కేలాంగ్, జిస్పా, దార్చా దాటాక చెట్టు అనేదే కనిపించదు. ఆపై 4,850 మీటర్లకు పైబడిన బారాలాచా కనుమ, దాని దిగువన 4,290 మీటర్ల వద్ద సర్చూ మైదానం వస్తాయి. సర్చూ తరువాత గాటా మలుపులు: ఒకే కొండపై మెలికలు తిరుగుతూ ఎక్కే 21 మలుపులు. వాటి పైన నకీ కనుమ, దాని వెనుకే 5,059 మీటర్ల లాచుంగ్ కనుమ. అక్కడి నుంచి పాంగ్ గుడారాల మజిలీకి దిగాలి. పాంగ్ దాటితే సుమారు 40 కిలోమీటర్ల మోరే మైదానం, చివరగా 5,328 మీటర్ల తంగ్లాంగ్ కనుమ. అది దాటాక రుమ్త్సే మీదుగా దిగి ఉప్షీ వద్ద సింధు నదిని చేరితే లేహ్ దగ్గర పడినట్లే.

రోజుకు 50 కిలోమీటర్లు అంటే మన ప్రాంతంలో మూడు గంటల పని. అక్కడ అదే దూరానికి ఉదయం నుంచి సాయంత్రం వరకు పట్టవచ్చు. ఎక్కుడులో గంటకు ఐదారు కిలోమీటర్లు సాగితే మంచి వేగమే. ఎదురుగాలి వీస్తే సైకిల్ దిగి నెట్టుకొంటూ నడవడమే మేలు.

అమ్మీ ప్రశ్న: ప్రాణానికి భరోసా ఏమిటి?

ఈ ప్రయాణంలో అసలు ప్రమాదం లోయ కాదు, గాలి. 5,300 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో దాదాపు సగమే. ఒక్కొక్క శ్వాసతో అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. ఇంటి భాషలో చెప్పాలంటే, అక్కడ నీరు 83 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది; ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. పప్పునే ఉడకనివ్వని గాలి మనిషిని ఊరకే వదలదు కదా!

2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని తొలి లక్షణాలు. ఆ దశలో ఆగిపోతే చాలావరకు తగ్గిపోతుంది. లెక్కచేయక పైకి ఎక్కితే రెండు ఘోరమైన రూపాలు దాల్చవచ్చు. ఒకటి, ఊపిరితిత్తులలో నీరు చేరడం: కూర్చొని ఉన్నా ఆయాసం, దగ్గు, నురగతో కూడిన కఫం. రెండవది, మెదడు వాపు: తూలుతూ నడవడం, పొంతన లేని మాటలు, మగత. ఈ రెండింటికీ ప్రధాన చికిత్స వెంటనే కిందికి దిగడమే. రాత్రి గడిచాక చూద్దామని వాయిదా వేసినవారు తెల్లవారుజాము చూడకపోవచ్చు.

ఇక్కడే ఈ దారిలోని ఒక చిక్కును ప్రతి కుటుంబం గ్రహించాలి. సాధారణ పర్వతంపై జబ్బుపడితే వెనుదిరిగి దిగిపోవచ్చు. పాంగ్‌లో జబ్బుపడినవానికి ఆ వీలు లేదు. వెనుకకు రావాలంటే లాచుంగ్ కనుమ ఎక్కాలి, ముందుకు సాగాలంటే తంగ్లాంగ్ కనుమ ఎక్కాలి. దిగడానికి ముందు ఎక్కక తప్పని చోటు అది. పాంగ్‌లో సైనిక శిబిరం ఉన్నందున అత్యవసర వైద్యం దొరికే అవకాశం ఉంది. అయినా జబ్బుతో అంతదూరం పోకుండా, సర్చూకు ముందే ఆగడం వివేకం.

నివారణ మార్గం మాత్రం సులభమే, ఓపిక ఉండాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవాలని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెబుతారు. గుడారాల మజిలీలన్నీ ఈ కొలతకు సరిపోవు గనుక జిస్పాలో ఒకటి రెండు రాత్రులు అదనంగా గడపడం మంచిది. ఎసిటజోలమైడ్ అనే మందు కొందరికి ఉపకరిస్తుంది. అయితే వైద్యుడు చెప్పనిదే వాడరాదు. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులు ఉన్నవారు, సికిల్ సెల్ లోపం ఉన్నవారు ముందుగా పరీక్ష చేయించుకోవాలి. మన ఏజెన్సీ ప్రాంతాలలో సికిల్ సెల్ అరుదు కాదు. ఒక్క జన్యువు మాత్రమే ఉండి, ఇంటివద్ద ఏ బాధా లేనివారికి సైతం ఆ ఎత్తులో ప్లీహానికి ముప్పు వాటిల్లవచ్చు. ఇన్సులిన్ వాడేవారు అది గడ్డకట్టకుండా ఒంటికి ఆనించి ఉంచుకోవాలి.

మరొక అపోహ తొలగాలి. బాగా సైకిల్ తొక్కగలవాడికి ఎత్తు జబ్బు రాదనుకొంటారు. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. నిజానికి బలవంతుడే వేగంగా ఎక్కి ముందుగా పడిపోతాడు.

అబ్బా ప్రశ్న: ఖర్చు, సన్నాహం

డోర్నకల్ ఢిల్లీ - చెన్నై ప్రధాన రైలుమార్గంపై ఉన్న జంక్షన్ కావడం మనకు కలిసివచ్చే విషయం. సైకిల్‌ను విప్పి, అట్టపెట్టెలో సర్ది, రైలు పార్సిల్‌లో ఢిల్లీకి పంపవచ్చు. అక్కడి నుంచి మనాలీకి రాత్రి బస్సులుంటాయి. సొంత సైకిల్ లేనివారికి మనాలీలో గేర్ల సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. కొందరు కలిసి వెళితే సామాన్లు మోసే వాహనం ఖర్చు పంచుకోవచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం: పది రోజుల ముచ్చట కోసం వడ్డీ వాయిదాలపై ఖరీదైన సైకిల్ కొనే పని పెట్టుకోవద్దు. సరదా తీరిపోతుంది, అప్పు మిగిలిపోతుంది.

కొండ సైకిల్‌కు ఉన్న ప్రత్యేకత దాని ధరలో లేదు. 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన యువకులు పాత సైకిళ్ళకు లావు టైర్లు బిగించి టమల్‌పైస్ కొండ మట్టిదారులలో దూకించడంతో ఈ క్రీడ రూపుదిద్దుకొంది. నేటికీ కావలసినవి అవే: లావు టైర్లు, గట్టి బ్రేకులు, నిటారు ఎక్కుడులోనూ కాలు ఆడనిచ్చే తేలికైన గేరు. తంగ్లాంగ్ నుంచి దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా పట్టి ఉంచితే వేడెక్కి పట్టు సడలుతుంది. పట్టి వదులుతూ, మధ్యమధ్య ఆగుతూ దిగాలి.

కనుక మేము సూచించే తొలి శిక్షణ, మన ఊరి సైకిల్ దుకాణంలో కొన్నాళ్ళు కూర్చోవడం. పంక్చరు వేయడం, తెగిన చైను కలపడం, బ్రేకు ముక్కలు మార్చడం, వంగిన చక్రం సరిచేయడం చేతికి రావాలి. తాండి దాటాక కొన్ని వందల కిలోమీటర్ల వరకు దుకాణం ఉండదు. రెండవ శిక్షణ ఎక్కుడు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకుకు సాగే ఘాట్ దారి తెలుగునేలపై అందుకు తగినది. ఆ దారిని సామానుతో సహా, వరుసగా రెండు రోజులు ఎక్కి దిగలేనివాడు మనాలీకి టిక్కెట్టు తీయకూడదు.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌లను మన పాఠకులు ఎరుగుదురు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. ఆనంద్ మనకు పొరుగున ఉన్న అప్పటి ఖమ్మం జిల్లావాడు, సైకిల్ మెకానిక్ కుమారుడు. గురుకుల పాఠశాలల్లో చదివిన ఈ పేదింటి బిడ్డల సాహసాన్ని అందరూ చెప్పుకొంటారు. దాని వెనుక ఉన్న భువనగిరి బండపై శిక్షణ, డార్జిలింగ్ పాఠాలు, లదాఖ్ చలిలో సాధన గురించి చెప్పుకొనేవారు తక్కువ. శిఖరం ఒక్క రోజుది, సన్నాహం నెలల తరబడిది.

దాదా ప్రశ్న: నమాజు సంగతి?

ఇస్లాం ప్రయాణికునికి కష్టం కలిగించలేదు, సౌలభ్యం కల్పించింది. సుదూర ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండు రకాతులుగా చేయవచ్చు. ఫజ్ర్, మగ్రిబ్ మాత్రం యథాతథంగా ఉంటాయి. రెండు పూటల నమాజులను కలిపి చేసే విషయంలో మస్లక్‌ల మధ్య భేదముంది గనుక బయలుదేరే ముందే తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. నీరు లేనిచోట, లేదా ఆ నీటి వాడకం వల్ల శరీరానికి హాని కలుగుతుందన్న నిజమైన భయం ఉన్నచోట తయమ్ముమ్ ఉంది. సర్చూలో వేసవి రాత్రులు కూడా నీరు గడ్డకట్టవచ్చు; ఆ సౌలభ్యం ఎంతటి కారుణ్యమో అక్కడ తెలిసివస్తుంది.

ఖిబ్లా విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి. మన డోర్నకల్ నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. లేహ్ నుంచి అయితే పడమరకు కాస్త దక్షిణంగా ఉంటుంది. ఇంటి అలవాటునే అక్కడా పాటిస్తే దిశ తప్పుతుంది. చిన్న దిక్సూచి వెంట ఉంచుకోవాలి. ఫోను చార్జింగు మీద ఆధారపడవద్దు.

నిజానికి నమాజు ఈ ప్రయాణానికి ఆటంకం కాదు, రక్ష. ఎత్తులో ప్రయాణించేవాడు ఆగాలి, నీరు తాగాలి, తోటివారి ముఖాలు చూడాలి. ఎవరి పెదవులు నీలిబారాయి, ఎవరు తూలుతున్నారు అన్నది సఫ్‌లో పక్కపక్కన నిలబడినప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. కలిసి వెళ్ళినవారు తమలో ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవడం ప్రవక్త (స) నేర్పిన పద్ధతి. 'ఈ రోజు ఆగుదాం' అని అమీర్ అన్నాక వాదన ఉండకూడదు. పర్వతంపై ఈ ఒక్క నియమం ప్రాణాలు కాపాడుతుంది.

లేహ్‌లో మనవారు

లేహ్ చేరినవారికి బజారు మధ్యలో జామా మసీదు కనిపిస్తుంది. అది ఔరంగజేబు కాలంలో, 17వ శతాబ్దంలో నిర్మితమైనది. బౌద్ధులతో పాటు సున్నీ, షియా ముస్లిం కుటుంబాలు తరతరాలుగా అక్కడ జీవిస్తున్నాయి. ఆ పట్టణపు ముస్లిం బిడ్డే గులామ్ రసూల్ గల్వాన్. పేదరికంలో పుట్టి, చిన్న వయసులోనే యాత్రికుల బృందాలలో కూలీగా చేరి, దారులు ఎరిగిన మార్గదర్శిగా ఎదిగాడు. గల్వాన్ నదికి ఆయన పేరే నిలిచింది. తన జీవితకథను ఆయన స్వయంగా ఇంగ్లీషులో రాయగా 1923లో గ్రంథంగా వెలువడింది. మన యువకులు దాటే కనుమల వంటివాటిని ఆయన బతుకుతెరువు కోసం, ఇతరుల సామాన్లతో దాటాడు. నేడు దారి పొడవునా రోడ్డు పనిచేసే కూలీలదీ అదే స్థితి. ఎదురైనప్పుడు సలాం చెప్పడం, నమస్కరించడం, నాలుగు ఖర్జూరాలు పంచుకోవడం యాత్రలో భాగం కావాలి. ప్లాస్టిక్ కవర్లు అక్కడే పారవేసి రావడం కాకూడదు.

లేహ్ పైనున్న ఖార్దుంగ్ కనుమ వద్ద 18,380 అడుగులని పేరుమోసిన బోర్డు ఉండేది. ఆధునిక కొలతల ప్రకారం దాని ఎత్తు 5,359 మీటర్లు, అంటే సుమారు 17,582 అడుగులే. బోర్డు పక్కన ఫొటో దిగేవారికి ఆ తేడా పట్టదు. మన బిడ్డ బోర్డు కోసం వెళుతున్నాడా, దారి కోసం వెళుతున్నాడా అన్నది పెద్దలు అడగదగిన నాలుగవ ప్రశ్న. బోర్డు కోసం వెళ్ళేవాడు తలనొప్పిని దాచిపెడతాడు, తోటివాడి వాంతులను తేలికగా తీసుకొంటాడు, చీకటి పడ్డా ముందుకే తొక్కుతాడు.

కనుక మేము పెద్దలకు చెప్పేది ఇది. వైద్యపరీక్ష అయిందా, ఘాట్ దారిలో సాధన అయిందా, మరమ్మతు చేతికి వచ్చిందా, తోడుగా నమ్మదగినవారున్నారా చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకే ఆ దారి అనువైనదని, అందులోనూ జూలై, ఆగస్టు నెలలలో మనాలీ వైపు కొండచరియలు విరిగిపడతాయని గుర్తుంచుకోండి. మంచు కరిగి వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి గనుక ఉదయమే దాటాలని బిడ్డకు చెప్పండి. ఇవన్నీ సరిపడితే దుఆ చేసి పంపండి. పంపేటప్పుడు ఒక్క వాగ్దానం తీసుకోండి: తల తిరిగితే, శ్వాస అందకపోతే, ఎన్ని కిలోమీటర్లు మిగిలి ఉన్నా ఆగిపోతానని. అలా ఆగి లారీ ఎక్కి తిరిగివచ్చిన బిడ్డను ఎవరూ ఎగతాళి చేయబోరని మీరూ అతనికి మాట ఇవ్వండి. కనుమలు ఎక్కడికీ పోవు. ఇన్‌షా అల్లాహ్, వచ్చే ఏడు మళ్ళీ బయలుదేరవచ్చు.