పెరటి లిల్లీ పూయడం మానిందా? దుంపలు తవ్వి చూడండి

(మా గ్రామీణ విలేఖరి)

దీపాలు పెట్టే వేళ ఆ వీధిలో అడుగు పెడితే ఒకప్పుడు నేలసంపెంగ వాసన ఎదురు వచ్చేది. బజారులో లిల్లీ పేరుతో అమ్మే పువ్వు ఇదే. ఆ ఇంటి పెద్దావిడ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి నాలుగు దుంపలు తెచ్చుకుంది. నుయ్యి పక్కన అవే పెద్ద గుబురైనాయి. రానురాను పూలకాడలు తగ్గి, చివరకు ఆకు తప్ప పువ్వు లేకుండా పోయింది. దిష్టి తగిలిందని ఇరుగుపొరుగు అన్నారు. పీకేసి గచ్చు చేయిస్తానని కొడుకు అన్నాడు. పెద్దావిడ ఒప్పుకోలేదు.

తప్పు దిష్టిది కాదు. లిల్లీ దుంప ఒక్కసారే పూస్తుంది. పూసిన దుంప చుట్టూ పిల్లదుంపలు పుడతాయి. ఆ తరువాతి పూత వాటి వంతు. మూడేళ్లు దాటినా తవ్వకపోతే అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని, బలం చాలక చిన్నవిగానే ఉండిపోతాయి. ఎదగని దుంప ఆకు వేస్తుందే గాని కాడ వేయదు.

దీనికి మందు పలుగే. చలి తగ్గి ఆకులు పండుబారే రోజుల్లో నీరు ఆపి గుబురును తవ్వాలి. దుంపలను విడదీసి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టాలి. నెల నుంచి నెలన్నర విశ్రాంతి ఇస్తే మొలక బాగా వస్తుంది. ఉసిరికాయంత దుంపలను పూతకు ఏరుకోవాలి. చిన్నవాటిని వేరే మడిలో పెంచితే మరుసటి ఏడు పనికి వస్తాయి. కుళ్లినవాటిని పారవేయాలి. వేళ్లపై బుడిపెలుంటే అది నులిపురుగు. అలాంటి దుంపలను నాటరాదు, పొరుగువారికి ఇవ్వరాదు. చోటు కూడా మార్చాలి.

ఎండ బాగా తగిలే, నీరు నిలవని చోట మాగిన పశువుల ఎరువు కలిపి, మూడు వేళ్ల లోతున, జానెడు ఎడంతో నాటాలి. సుమారు మూడు నెలలకు కాడ వస్తుంది. ఒంటిరెక్క రకానికి వాసన ఎక్కువ, దండలకు అదే మేలు. ముద్ద రకం కాడతో కోసి కూజాలో పెట్టుకోవడానికి బాగుంటుంది. కొత్త దుంపలు కావలసినవారు బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ రకాలను అడగవచ్చు. రెండూ ఒంటిరెక్క రకాలే. వేరుబుడిపె నులిపురుగును శృంగార్ తట్టుకుంటుంది.

ఆ ఇంట మాఘమాసంలో గుబురు తవ్వితే గంపెడు దుంపలు బయటపడినాయి. గట్టివి ఏరి ఉగాది వెళ్లగానే నాటారు. శ్రావణ శుక్రవారం నాటికి మొదటి కాడ విచ్చింది. దాన్ని పెద్దావిడ పూజకు కూడా కోయనివ్వలేదు. గచ్చు మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.